చుక్కల గౌను పాప పనితనం

ఒక చిన్న పిల్ల మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. ఒక కన్ను బుద్ధిగా మూసుకుంది. రెండో కన్ను మాత్రం వెన్న పొట్లం మీదే ఉంది. రోజూ ఇంత రొట్టె ప్రసాదించమని దేవుణ్ణి అడిగే క్రైస్తవ ప్రార్థనకు ‘అమూల్ వెన్నతో’ అని చివర్లో ఒక చిన్న తోక తగిలించారు. 1966లో బొంబాయి వీధుల్లో ఈ బొమ్మ వెలిసింది. అక్కడ వెన్న మంచిదని గానీ స్వచ్ఛమైనదని గానీ ఒక్క మాట లేదు. ఆ ఓరచూపే అంతా చెప్పేసింది.

వ్యాపారానికి సోషల్ మీడియాలో ఒక వ్యూహం ఎందుకని ఎవరడిగినా నేను ఈ పాపనే చూపిస్తాను. ఫేస్‌బుక్ పుట్టడానికి 38 ఏళ్ల ముందే తను పనిలో చేరింది. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఆ గౌనే, ఆ రిబ్బనే, ఆ చూపే. కొత్త వీధిలోకి వచ్చిందే తప్ప కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేకపోయింది. అది ఎలా సాధ్యమైందో తెలియాలంటే బొమ్మను కాస్త దగ్గరకు జరిగి చూడాలి.

అమూల్ వెన్న ప్రచారాన్ని అప్పట్లో సిల్వెస్టర్ డాకున్హా నడిపే ఏజెన్సీ చేపట్టింది. బొమ్మ గీసింది యూస్టేస్ ఫెర్నాండెజ్. అల్లరిపిల్ల అయితే బాగుంటుందన్న అమూల్ సారథి వర్ఘీస్ కురియన్ రెండే షరతులు పెట్టారు. గీయడానికి తేలిగ్గా ఉండాలి, చూస్తే గుర్తుండిపోవాలి. ఆ రోజుల్లో హోర్డింగులంటే పెయింటర్లు పైకెక్కి చేత్తో వేయాల్సిందే. బొంబాయికి టీవీ ఇంకా రాలేదు, 1972లో గానీ రాదు. వెన్న సంగతి ఊరికి చెప్పాలంటే రోడ్డు పక్క బొమ్మే దిక్కు, ఆ బొమ్మను తరచూ మార్చాలి. ఏ పెయింటరు వేసినా పాప పాపలాగే ఉండాలి.

అందుకే ఆ ముఖంలో అన్నీ లెక్కగా ఉన్నాయి. గుండ్రని బుగ్గలు, పెద్ద కళ్లు, నీలం జుట్టు, నడినెత్తిన ముడి, తెల్ల గౌను మీద ఎర్ర చుక్కలు. ముక్కు లేదు! ఇన్నేళ్లుగా చూస్తున్నా ముక్కు లేదన్న సంగతి చాలామంది గమనించి ఉండరు. అవసరం లేని గీత ఒక్కటీ ఉంచకపోవడమే ఫెర్నాండెజ్ గొప్పతనం. పాపకు క్రికెట్ బ్యాటిచ్చినా, నర్సు టోపీ పెట్టినా, చీర కట్టినా ఇట్టే గుర్తుపడతాం. కదిలే బస్సులోంచి రెండు క్షణాల్లో అందాలని గీసిన బొమ్మ, అరచేతిలో బొటనవేలు కింద జారిపోయే తెర మీద కూడా అదే రెండు క్షణాల్లో అందుతోంది. చాలా కంపెనీలు తమ గుర్తును ఫోనులో సరిపడేలా మళ్లీ మళ్లీ దిద్దించుకుంటుంటాయి. ఈ పాపకు ఆ అవసరం రాలేదు.

ఇక మాటల సంగతి. శ్లేష అంటే మనవాళ్లకు ప్రాణం. రెండర్థాలు పలికించిన కవికి పెద్దపీట వేసిన భాష మనది. కాబట్టి ఈ పని విలువ మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1969లో బొంబాయిలో ‘హరే రామ హరే కృష్ణ’ ఉద్యమం ఊపందుకుంటే, హోర్డింగ్ మీద ‘హర్రీ అమూల్, హర్రీ హర్రీ’ అని పడింది. భజన నడక చెడలేదు, ఎవరినీ కించపరచలేదు. ‘హరే’ కాస్తా త్వరపడమనే ఇంగ్లిష్ మాటైంది. జనం భక్తులు పాడుకున్నంత హుషారుగా దాన్ని పాడుకున్నారు.

నాకన్నిటికన్నా గొప్పగా తోచేది ఎమర్జెన్సీ నాటిది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు బలవంతంగా చేయిస్తున్న 1976వ సంవత్సరం. పత్రికలు సెన్సారు కింద ఉన్నాయి. అప్పుడు మన పాప నర్సు వేషంలో, చేతిలో వెన్న పళ్లెంతో నిలబడింది. ‘మేం ఎప్పుడూ నిర్బంధ స్టెరిలైజేషనే పాటిస్తాం’ అన్నది ఆ వాక్యం సారాంశం. స్టెరిలైజేషన్ అంటే ఆ ఆపరేషన్, క్రిములు లేకుండా చేయడమూ అదే మాట. డెయిరీలో అది నిజంగానే తప్పనిసరి. అంటే చమత్కారం కోసం అబద్ధం ఆడలేదు, సరుకు గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజం చాటున నిలబడి దేశమంతా గుసగుసలాడుతున్న మాటను నడిబజారులో అనేసింది. లోకం మాటా సరుకు మాటా ఒకే పదంలో అతకడం చాలా కష్టమైన పని. ఈ రోజు ట్రెండింగ్‌లో ఉన్న సినిమా డైలాగుకు తమ సిమెంటు బస్తాను వేలాడదీసే పేజీలు కుదరక కుదరక చతికిలబడేది ఇక్కడే.

మన హైదరాబాదూ ఆ పాప కంట పడింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి తన లెక్కలు తప్పుడువని లేఖ రాసి దేశాన్ని నివ్వెరపరిచాక, అమూల్ హోర్డింగ్ ‘సత్యం శరం స్కాండలం’ అంది. రాజ్ కపూర్ సినిమా పేరు తెలిసిన ప్రతివాడికీ ఆ మాట అర్థమైంది. ‘శివం’ స్థానంలో సిగ్గు, ‘సుందరం’ స్థానంలో కుంభకోణం. ‘సత్యం’ మాత్రం ఉన్నచోటే ఉంది. అసలు దెబ్బ ఆ మార్చని మాటలోనే ఉంది.

ఇంత చురుగ్గా పలకడం తెలివి ఒక్కదానితో అయ్యేది కాదు. కురియన్ ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారు. బొమ్మ వేసే ముందు తన దగ్గరకు తెచ్చి చూపించక్కర్లేదన్నారు. డాకున్హాను నమ్మి పని అప్పగించారు. నలుగురు మేనేజర్లు, ఇద్దరు లాయర్లు చూసి సంతకం పెట్టేసరికి ఊరు ఆ ముచ్చట మరిచిపోయి ఇంకో ముచ్చటలో పడుతుంది. ఆ నమ్మకం తర్వాతి తరానికీ అందింది. 1990ల నుంచి సిల్వెస్టర్ కొడుకు రాహుల్ డాకున్హా ఈ పని చూస్తున్నారు. మాటలు మనీశ్ ఝవేరీవి, బొమ్మలు జయంత్ రాణేవి. ఏళ్ల తరబడి అదే చేయి, అదే గొంతు. ప్రచారానికి రాబడిలో ఒక శాతం కూడా ఖర్చు పెట్టబోమని సంస్థ పెద్దలు చాలాసార్లు చెప్పారు. ఆ రాబడి గుజరాత్‌లోని సుమారు 36 లక్షల పాడి కుటుంబాల పాలబిందెల్లోంచి వచ్చింది కాబట్టి ఆ పొదుపు నాకు మరీ నచ్చుతుంది.

ఎప్పుడు నవ్వకూడదో కూడా ఆ పాపకు తెలుసు. దేశం ప్రేమించిన మనిషి పోయినప్పుడు బొమ్మలో రంగులు పోయి నలుపు తెలుపులే మిగులుతాయి. వెన్న గురించి ఊసెత్తరు. మూలన సంస్థ పేరు, అంతే. మనిషి పోయాడన్న పోస్టు కిందే డిస్కౌంటు ప్రకటన పెట్టే పేజీలను రోజూ చూస్తున్న మనకు ఈ మర్యాద విలువ తెలుస్తుంది.

అన్నీ గొప్పగా ఉంటాయని అనను. వారంలో చాలా రోజులు కొత్త బొమ్మ రావాలంటే కొన్ని శ్లేషలు బలవంతపువే అవుతాయి. పైగా హిందీ, ఇంగ్లిష్ కలిపి వండిన చమత్కారం తెలుగు మాత్రమే తెలిసిన మా అమ్మలాంటి వాళ్లకు అందదు. అలాంటప్పుడు కూడా బొమ్మ చూసి ఆవిడ ‘మన వెన్న పిల్ల’ అంటుంది. బొమ్మ తన వంతు పని చేసేస్తోందన్నమాట.

ఇక వ్యూహం లేని పేజీ ఎలా ఉంటుందో చూడండి. మా వీధి చివర ఒక స్వీటు కొట్టుంది. వాళ్ల పూతరేకులకు నేను దాసుణ్ణి. వాళ్ల పేజీ తెరిస్తే శ్రావణ మాసం ఆఫర్ సంక్రాంతి నాటికీ పైనే ఉంటుంది. దాని కింద గులాబీ పువ్వుతో శుభోదయాలు వరసగా ఆరు. ‘ఆదివారం తెరుస్తారా?’ అని ఒకావిడ అడిగితే జవాబు లేదు. ‘అమెరికా పంపుతారా?’ అన్న ఇంకొకాయనకు మూడు గులాబ్‌జామ్ బొమ్మలు పెట్టారు. సరుకులో లోపం లేదు. కౌంటర్ దగ్గర అంత ఆప్యాయంగా పలకరించే మనుషులే అక్కడ మూగబోయారు.

ఇలా మూగబోకుండా ఉండటానికి డబ్బూ ఏజెన్సీలూ కావాలనుకోకండి. మంగళగిరిలో మగ్గం ఉన్న ఒక కుటుంబం వాట్సాప్‌లో చీరలు చూపిస్తుంది. కిటికీ వెలుతురులో పరుస్తారు. ముందు జరీ అంచు దగ్గరగా, తర్వాత కొంగు, ఆ పైన రవికె గుడ్డ, చివర్న తిరగేసి వెనకవైపు. ఎప్పుడూ అదే వరస, అదే చేయి, అదే నెమ్మదైన గొంతు. ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అనే దాగుడుమూతలు లేవు, ధర వీడియోలోనే చెబుతారు. అమ్ముడైన చీర కింద అదే పూట ‘అయిపోయింది’ అని రాస్తారు. ఆ ఇంట్లో వ్యూహం అన్న మాట ఎవరూ వాడగా నేను వినలేదు. కానీ ఏం చూపాలో, ఎవరు మాట్లాడాలో ముందే అనుకుని కూర్చున్నవాళ్ల పని అది.

కాబట్టి కొట్టు నడిపేవాళ్లకు ఒక మనవి. ఫోను మేనల్లుడి చేతికిచ్చి ‘ఏదో ఒకటి పెట్టరా’ అనే ముందు ఒక కాగితం తీసుకోండి. ఎవరి గొంతుతో మాట్లాడతారు, ఏ విషయాల జోలికి పోరు, కొనేవాళ్ల ప్రశ్నకు ఎవరు ఎంతసేపట్లో జవాబిస్తారు, ఎవరినీ అడగకుండా పోస్టు పెట్టే అధికారం ఎవరికుంది. ఈ నాలుగూ రాసి గల్లాపెట్టె పక్కన అతికించండి. మొదటి పోస్టు ఆ తర్వాతే పెట్టండి.