పది డెసిబెల్స్ గీత దాటాక

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో బీటెక్ ప్రాజెక్టు సెంటర్లకు కొదవ లేదు. ఈసీఈ వాళ్లకు ఏళ్ల తరబడి నడుస్తున్న టాపిక్ ఒకటుంది: మల్టీబ్యాండ్ మైక్రోస్ట్రిప్ యాంటెన్నా. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీయాలి, వెనక్కి వచ్చే శక్తి గ్రాఫు రెండుమూడు చోట్ల మైనస్ 10 డెసిబెల్స్ కిందికి దిగాలి, రిపోర్టు బైండింగుకి వెళ్లాలి. ఇదేదో తూతూమంత్రం చదువని తీసిపారేయలేం. ఫోను జేబులో ఇమడటం వెనకున్న విద్య ఇదే మరి.

తరంగానికి జేబు కొలతతో పనిలేదు. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 33 సెంటీమీటర్లు. అందులో పావు వంతు, అంటే 8 సెంటీమీటర్ల పైచిలుకు తీగ ఉంటేనే సాదా యాంటెన్నా దాన్ని పట్టుకుంటుంది. 5జీ వాడే 3.5 గిగాహెర్ట్జ్‌కి 2 సెంటీమీటర్లు చాలు. ఎల్బీ నగర్ మెట్రోలో కూర్చున్న మనిషి చేతిలోని ఫోనుకు ఈ రెండే కాదు, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లు, వైఫై, జీపీఎస్ అన్నీ కావాలి.

అందుకే మడతలు. తీగను పాములా మెలికలు తిప్పితే కరెంటు నడిచే దారి అంతే ఉంటుంది, పట్టే జాగా తగ్గుతుంది. రేకులో యు ఆకారపు చీలిక కోస్తే బయటి పెద్ద ముక్క తక్కువ పౌనఃపున్యానికి, లోపలి చిన్న ముక్క ఎక్కువదానికి పలుకుతాయి. రేకు ఒక కొసను గ్రౌండుకు కలిపితే, సగం తరంగం పొడవు అడిగే ఈ రేకు (ప్యాచ్) పావుతోనే సర్దుకుంటుంది. ఫోన్లలో చాలాకాలం ఏలిన ‘పీఫా’ యాంటెన్నా అదే. 1999లో వచ్చిన నోకియా 3210 బయటికి కొమ్ము లేకుండానే 900, 1800 రెండింటినీ అందుకుంది.

ఇదంతా ఉచితంగా రాదు. యాంటెన్నా ఎంత కుదించుకుపోతే బ్యాండు అంత ఇరుకవుతుందని 1948లోనే చూ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు.

వైవాలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. గ్రాఫు మైనస్ 10 కిందికి దిగిందంటే పంపిన శక్తిలో 90 శాతం వెనక్కి రాలేదని మాత్రమే అర్థం. గాల్లోకి వెళ్లిందని కాదు. యాంటెన్నా స్థానంలో 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా గ్రాఫు ఇంకా అందంగా దిగుతుంది. వేడెక్కడం తప్ప అది చేసేదేమీ ఉండదు. విద్యార్థులు వాడే చవక ఎఫ్‌ఆర్-4 బోర్డు కూడా గిగాహెర్ట్జ్‌ల దగ్గర కొంత శక్తిని తానే మింగేస్తుంది. పంపిన శక్తిలో ఎంత గాల్లోకి వెళ్లిందో (ఎఫిషియెన్సీ) చెప్పని రిపోర్టు సగం రిపోర్టే.

పైగా ఫోను పట్టుకునేది చెయ్యి. 2010లో ఐఫోన్ 4 చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెన్నా. ఆ పట్టీలో ఎడమ కింది మూల ఉన్న ఖాళీ మీద వేలు పడితే సిగ్నల్ పడిపోయేది. చివరికి యాపిల్ కవర్లు ఉచితంగా పంచింది.

రిపేరు షాపులో ఫోను వెనక మూత తీయించి చూస్తే ఈ విద్యంతా కంటికి ఆనుతుంది. ప్లాస్టిక్ ఫ్రేము మీద అచ్చువేసిన లోహపు గీతలు, పై బోర్డు నుంచి కింది బోర్డుకు వెళ్లే సన్నటి కేబుల్, బోర్డు అంచున బంగారు రంగు స్ప్రింగులు. గీతలకు, బోర్డుకు మధ్య లంకె ఆ స్ప్రింగులే. ఒకటి వంగి అంటుకోకపోతే సిగ్నల్ గీతలు తగ్గిపోతాయి. అప్పుడు కొత్త పార్టు అక్కర్లేదు. స్ప్రింగును పిన్నుతో కాస్త లేపి, మూత సరిగ్గా బిగిస్తే సరి.