రహిత్ మర్యాదా: గ్రంథమా, ఆచారమా, సమష్టి నిర్ణయమా?

పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతాల వారికి గోదావరి అనగానే భద్రాచలం స్ఫురిస్తుంది. అదే నది ఎగువన నాందేడ్ పట్టణం మీదుగా వస్తుంది. సిక్ఖుల పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. మానవ గురువుల పరంపర తనతో ముగిసిందనీ, ఇకపై గ్రంథమే గురువనీ ఆయన ప్రకటించినట్లు సిక్ఖులు విశ్వసించేదీ అక్కడే. ఖమ్మం ప్రాంతమూ నాందేడూ 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1830లలో, దీవాన్ చందూలాల్ హయాంలో, మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైనికుల సంతతివారు హైదరాబాద్ నగరంలో నేటికీ దక్కనీ సిక్ఖులుగా నివసిస్తున్నారు. కనుక సిక్ఖు ధర్మనియమావళిని గురించిన చర్చ తెలుగు పాఠకులకు పరాయి విషయం కాదు.

ఆ నియమావళి పేరు సిక్ఖ్ రహిత్ మర్యాదా. అమృత్‌సర్‌లోని శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1931లో దీని రచనకు ఒక ఉపసంఘాన్ని నియమించింది. ముసాయిదాపై చర్చలు జరిగి 1936లో ఆమోదం లభించింది. 1945లో కొన్ని సవరణలు చేశారు. పుస్తకం చిన్నది. సిక్ఖు అంటే ఎవరో మొదట నిర్వచించి, వ్యక్తిగత జీవనం, పంథ్ జీవనం అని రెండు భాగాలుగా నియమాలను వివరిస్తుంది. ఇక్కడ మర్యాద అనే మాట తెలుగువారిని కొంత తికమక పెట్టవచ్చు. నేడు మనం దానిని మన్నన అనే అర్థంలో ఎక్కువగా వాడుతున్నాం గాని, దాని అసలు అర్థం ఎల్ల, మేర. అరబ్బీలోని హద్ అనే పదం తెలుగులో హద్దు అయినట్లే, మర్యాద కూడా గీసిన గీత. ప్రశ్న ఏమిటంటే, ఈ గీత గీసే అధికారం ఎవరిది?

ఇస్లామీయ ధర్మశాస్త్ర విద్యార్థికి ఈ ప్రశ్న సుపరిచితం. ఖుర్ఆన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్ అనే నాలుగు మూలాలను గూర్చి, వాటి తరతమ స్థానాలను గూర్చి, ఒక ఆదేశం మరొక ఆదేశాన్ని రద్దుచేసే నస్ఖ్ అనే సూత్రాన్ని గూర్చి మన పండితులు ప్రత్యేకంగా ఒక శాస్త్రాన్నే నిర్మించారు. అదే ఉసూలె ఫిఖ్హ్. రహిత్ మర్యాదాలో నియమాలు ఉన్నాయి గాని, ఇటువంటి ఉసూల్ లేదు. దాని ముఖ్యమైన లోపం ఇదే.

దీనిని ఉదాహరణలతో పరిశీలించవచ్చు. సిక్ఖుల మూలగ్రంథమైన ఆది గ్రంథం ప్రధానంగా దైవస్తుతి, ఆత్మసంస్కారం, సత్ప్రవర్తనల గ్రంథం. వివాహం, దీక్ష, శిక్ష మొదలైన వాటికి విధివిధానాలు అందులో శాసనరూపంలో లేవు. ఆ లోటును పూరించినవి రహిత్‌నామాలు. నంద్‌లాల్, ప్రహ్లాద్ రాయ్, చౌపా సింగ్, దేసా సింగ్ మొదలైన వారి పేర్లతో ప్రచారంలో ఉన్న ఈ రచనలు తాము గురువు మాటనే చెబుతున్నామంటాయి. అయితే హదీసుకు ఉన్నట్లు వాటికి ఇస్నాద్ లేదు; ఎవరు ఎవరినుండి విన్నారో తెలిపే శృంఖల లేదు. చౌపా సింగ్ రహిత్‌నామాను 1987లో పరిష్కరించి ప్రచురించిన న్యూజీలండ్ చరిత్రకారుడు మెక్లాయిడ్, అది గురువు కాలం నాటిది కాదనీ, పద్ధెనిమిదవ శతాబ్ది మధ్యభాగానికి చెందినదనీ నిర్ణయించాడు. రహిత్ అంతా 1699 వైశాఖిన ఒక్కనాడే వెలువడలేదనీ, క్రమంగా రూపుదిద్దుకున్నదనీ ఆయన వాదన. దీనిని అంగీకరించని సిక్ఖు పండితులు ఉన్నారు. ఎవరి పక్షం వహించినా ఒక సంగతి మాత్రం స్పష్టం: అమృత్‌సర్ ఉపసంఘం రహిత్‌నామాలను ఉన్నవి ఉన్నట్లుగా స్వీకరించలేదు. ఏరుకున్నది.

ఏమి వదిలివేసిందో ముస్లిం పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పాత రహిత్‌నామాలలో తురకలతో పొత్తును నిషేధించే కఠిన వాక్యాలు ఉన్నాయి. లాహోర్ సుబేదార్ల దమనకాండ, అహ్మద్ షా దుర్రానీ దండయాత్రల నడుమ రూపొందిన పాఠాలలో అటువంటి భాష ఆశ్చర్యకరం కాదు. నేటి నియమావళిలో ఆ వాక్యాలు లేవు. ముస్లిం స్త్రీ సంగమాన్ని నిషేధించిన పాత నియమం, తన జీవిత భాగస్వామి కాని ఎవరితోనైనా సంబంధం నిషిద్ధమనే సాధారణ నైతిక నియమంగా మారింది. ముస్లిం పద్ధతిలో కోసిన మాంసంపై నిషేధం మాత్రం నిలిచింది. అది వారి ఆహార నియమం. ఇతరుల పట్ల ద్వేషంగా దానిని చదవనవసరం లేదు. పాత వాక్యాలను ఎత్తి చూపి నేటి సిక్ఖులను నిందించడం న్యాయం కాదు. అయితే విమర్శకుని ప్రశ్న ఒకటి మిగులుతుంది. మొదటిది పోయి, రెండవది మారి, మూడవది నిలవడానికి ఆధారసూత్రం ఏది? పుస్తకం జవాబు చెప్పదు. రద్దు జరిగింది, రద్దు నియమం లేదు.

ఈ మౌనం వల్ల కలిగే చిక్కు నాందేడ్‌లో బయటపడుతుంది. సిక్ఖుల ఐదు తఖ్తులలో నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ ఒకటి. గురు గ్రంథ్ సాహిబ్‌తో సమానంగా మరే గ్రంథాన్నీ ప్రతిష్ఠించరాదని రహిత్ మర్యాదా ఆదేశిస్తుంది; హజూర్ సాహిబ్‌లో దశమ గ్రంథానికి కూడా పీఠం ఉంది. దీపాలతో హారతి ఇవ్వడం గురుమతానికి విరుద్ధమని నియమావళి చెబుతుంది. అక్కడ హారతి నిత్యకృత్యం. పండుగలలో మేకను ఒక్క వేటున వధించే ఆచారమూ అక్కడ ఉంది. 2003లో అమృత్‌సర్ నానక్‌షాహీ పంచాంగాన్ని అమలులోకి తెచ్చినప్పుడు కూడా హజూర్ సాహిబ్ దానిని స్వీకరించలేదు.

ఇదంతా హిందూ ప్రభావమని పంజాబ్ సంస్కర్తలు తేల్చివేస్తారు. అది తొందరపాటు తీర్పు. హజూరీ సిక్ఖుల వాదన వేరు. గురువు చివరి రోజులు గడిపిన చోట, ఆయన వెంట వచ్చినవారి నుండి తరతరాలుగా చేతిమీదుగా అందిన ఆచారం తమదనీ, 1936 నాటి పుస్తకం దానిని రద్దుచేయజాలదనీ వారంటారు. ఈ వాదన మదరసాలో చదివినవారికి కొత్త కాదు. మదీనా ప్రజల ఆచరణ స్వయంగా ప్రమాణమని ఇమామ్ మాలిక్ (మరణం 795) భావించారు. దైవప్రవక్త (స) నివసించిన నగరంలో వేలమంది వేలమందిని చూచి నేర్చుకున్నది, ఒక్కరు ఒక్కరికి చెప్పిన ఉల్లేఖనం కంటే బలమైనదని ఆ పక్షపు తర్కం. ఆయన శిష్యుడైన ఇమామ్ షాఫియీ (మరణం 820) దీనిని అంగీకరించలేదు. ప్రామాణికమైన హదీసు ఉండగా ఒక నగరపు వాడుక దానిని తోసిపుచ్చజాలదన్నారు. ఉభయులూ తమ తర్కాన్ని వెల్లడించారు గనుకనే రెండు మజ్‌హబ్‌లూ ఒకదానినొకటి వెలివేయకుండా నిలిచాయి.

పోలికకు పరిమితి ఉంది. మదీనా ఆచరణను రెండు శతాబ్దాల లోపల పరీక్షించారు. నాందేడ్ ఆచరణ మూడు శతాబ్దాలు దాటి వచ్చింది, నడుమ ఏవి చేరాయో, ఏవి మారాయో చూపవలసిన బాధ్యత హజూరీ పక్షానిది. అయితే అమృత్‌సర్ పక్షానికీ ఒక ఇబ్బంది ఉంది. ఖాల్సా దీక్షా సమయంలో పఠించాలని రహిత్ మర్యాదా విధించిన బాణీలలో జాప్, సవయ్యే, చౌపాయీ దశమ గ్రంథం నుండి వచ్చినవే. పాఠాన్ని ప్రమాణంగా స్వీకరించి, దాని పీఠాన్ని నిరాకరించడానికి కారణం ఉండవచ్చు. కాని ఆ కారణం వ్రాయబడాలి.

వ్రాయని చోటికి ప్రభుత్వం ప్రవేశిస్తుంది. నాందేడ్ గురుద్వారా పాలకమండలి 1956లో హైదరాబాద్ రాష్ట్రం చేసిన చట్టం కింద ఏర్పడింది. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్ని మార్చి తన నియామకాలను పెంచబోగా సిక్ఖుల నిరసనతో వెనక్కు తగ్గింది. సిక్ఖు అంటే ఎవరన్న ప్రశ్న 2009లో పంజాబ్, హర్యానా హైకోర్టు ముందుకు వెళ్ళింది. కేశధారణ సిక్ఖు ధర్మంలో మౌలికాంశమని తీర్పు చెప్పడానికి న్యాయమూర్తులు చట్టాలతో పాటు రహిత్ మర్యాదాను కూడా పరిశీలించారు. ఒక ఉపసంఘం కూర్చిన పుస్తకం ఈ విధంగా న్యాయస్థానంలో ప్రమాణమైంది. ఇది ఆ పుస్తకానికి గౌరవమే. కాని ధర్మాన్ని అనుసరించేవారు తేల్చుకోని ప్రశ్నలను ధర్మాసనాలు తేల్చినప్పుడు, ఆ తేల్పు సమాజపు ఇజ్మా కాదు.

రహిత్ మర్యాదా ఒక చెదరిన సమాజానికి ఏకరూపత కల్పించింది. దాని సాధన తక్కువది కాదు. అయితే ఏకరూపత వేరు, ప్రామాణ్యం వేరు. గ్రంథం, రహిత్‌నామా, తఖ్తు ఆచారం, పంథ్ నిర్ణయం, ఈ నాలుగింటిలో ఏది ఎప్పుడు ముందుంటుందో చెప్పే పీఠిక ఇంకా రావలసి ఉంది. ఆ పీఠికను వ్రాయవలసినవారు సిక్ఖు పండితులే. అది వచ్చేవరకు నాందేడ్‌ను పెడదారి అనడానికి గాని, అమృత్‌సర్‌ను నూతన కల్పన అనడానికి గాని ఎవరికీ తగిన ఆధారం లేదు.