ఆరు లక్షలు పోగా

అద్భుత కథ అంటే పిల్లల్ని నిద్రపుచ్చడానికి చెప్పేదని మనలో చాలామంది అభిప్రాయం. శాపాలూ, యక్షులూ కనిపించగానే పెద్దమనుషులు పుస్తకం పక్కన పెట్టేస్తారు. వాటి నడుమ ఒక నిజమైన రాజు పేరూ, నిజమైన ఊరి పేరూ ఉంటే మరీ చిరాకు పడతారు. పురాణమైతే పురాణమనీ, చరిత్ర అయితే చరిత్ర అనీ చెప్పాలిగాని ఈ కలగూరగంప ఏమిటంటారు. నేను విమర్శకుణ్ణి కాను. బీకాం చదివి బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నవాణ్ణి. అయినా ఆ కలగూరగంప తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఇందుకు ఒక్క కథనే తీసుకుంటాను. 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరం తొలి లంబకంలోని గుణాఢ్యుడి కథ అది. అందులోని ప్రతిష్ఠానం మహారాష్ట్రలో గోదావరి ఒడ్డున ఉన్న నేటి పైఠణే. మా షోలాపూర్‌కు మరీ దూరమేమీ కాదు.

శాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతున్నాడు. అలసిపోయిన ఒక రాణి తన మీద నీళ్ళు చల్లవద్దని సంస్కృతంలో అంది. సంధి విడదీసుకోవడం తెలియని రాజుకు అది మోదకాలతో కొట్టమన్నట్టు వినిపించింది. మిఠాయిలు తెప్పించాడు. రాణి నవ్వింది. రాజు సిగ్గుతో మంచం పట్టాడు. వ్యాకరణం నేర్పడానికి ఆరేళ్ళు కావాలన్నాడు మంత్రి గుణాఢ్యుడు. శర్వవర్మ అనే మరో పండితుడు ఆరు నెలలు చాలన్నాడు. నువ్వలా నేర్పగలిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పంతం కట్టాడు. కుమారస్వామి అనుగ్రహంతో శర్వవర్మ నెగ్గాడు. గుణాఢ్యుడికి మాట్లాడడానికి భాష లేకుండా పోయింది.

మౌనం పూని వింధ్యారణ్యానికి వెళ్ళాడు. అక్కడ పిశాచాల భాష నేర్చుకున్నాడు. శివుడు పార్వతికి చెప్పిన మహాకథను కాణభూతి అనే పిశాచం నోట విన్నాడు. అడవిలో సిరా దొరకలేదు. తన నెత్తుటితోనే ఏడేళ్ళపాటు 7 లక్షల శ్లోకాలు రాసి, శిష్యులిద్దరి చేత రాజుకు పంపాడు. అప్పటికి రాజుకు వ్యాకరణం వచ్చేసింది. పైశాచీ భాషా, నెత్తుటి అక్షరాలా అని ఈసడించుకున్నాడు.

గుణాఢ్యుడు కొండ మీద నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకే చదువుతూ మంటలో వేయసాగాడు. అడవి మృగాలన్నీ చుట్టూ చేరి, మేత మరిచి, కన్నీళ్ళతో విన్నాయి. కొన్నాళ్ళకు రాజుకు జబ్బు చేసింది. తింటున్న మాంసంలో సారం లేదన్నారు వైద్యులు. వంటవాళ్ళనడిగితే వేటగాళ్ళ మీద చెప్పారు. మృగాలు గడ్డి ముట్టడం లేదన్నారు వేటగాళ్ళు. రాజు వెతుక్కుంటూ వచ్చేసరికి 6 లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి. శిష్యులకు ఇష్టమైన నరవాహనదత్తుడి కథ ఒక్కటీ, లక్ష శ్లోకాలు, మిగిలాయి.

ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళి, లెక్కలో తేడా ఎక్కడ వచ్చిందో కాగితం వెంట కాగితం పట్టుకుని వెనక్కి నడిచినవాళ్ళకు ఈ ఘట్టం మరీ నచ్చుతుంది. ఆస్థానంలో జరిగిన అన్యాయం తిరిగి తిరిగి రాజుగారి కంచంలోకి వచ్చింది.

ఇక నా వాదన. ఈ కథలో చరిత్ర అలంకారం కోసం లేదు. శాతవాహనుడి స్థానంలో భోజరాజును పెట్టి చూడండి. భోజుడు స్వయంగా పండితుడు. ఆయనకు సంధి తెలియలేదంటే ఎవరూ నమ్మరు, కథ మొదటి మెట్టు మీదే కూలిపోతుంది. శాతవాహనుల శాసనాలు నానేఘాట్‌లోనైనా నాసిక్ గుహల్లోనైనా ప్రాకృతంలో ఉన్నాయి. గాథాసప్తశతి కూడా ప్రాకృతమే, అది హాలుడి పేర వచ్చింది. ఆ వంశపు రాజు సంస్కృతం రాక సిగ్గుపడ్డాడంటే అందులో ఒక భాష నుంచి మరో భాషకు గౌరవం మారిపోతున్న కాలం కనబడుతుంది. శాసనం ఆ సిగ్గును చెక్కదు. కథ చెబుతుంది.

పురాణమూ అంతే అవసరం. గుణాఢ్యుడు పూర్వజన్మలో మాల్యవంతుడనే శివగణం. పార్వతి శాపంతో మనిషిగా పుట్టాడు. ఈ కథను లోకంలో వ్యాపింపజేస్తేనే అతనికి విమోచనం. అందుకే ఆ మంట మామూలు కోపం కాదు. తనను విడిపించవలసిన దాన్నే తాను తగలబెట్టుకుంటున్నాడు. ఇక ఆ మృగాలను తీసేస్తే మిగిలేది ఒక కవి పుస్తకాలు కాల్చుకున్న వార్త. మేత మరిచిన లేళ్ళు ఉన్నాయి కనుకనే ఆ పోయినదాని విలువ మనకు తెలుస్తుంది. చరిత్ర, పురాణం, అద్భుతం అనే ఈ మూడు కాళ్ళలో ఏ ఒక్కటి తీసినా పీట నిలవదు.

ఈమధ్య ఇటువంటి మిశ్రమ కథలు చాలా వస్తున్నాయి. ఒక మాయ ఉంగరం, ఒక ముని శాపం, ఒక కృష్ణదేవరాయలు. రాయలవారి పేరు కొట్టేసి అక్బరు పేరు రాసినా కథకు ఏమీ కాదు. పేరు మార్చినా చెడని కథలో చరిత్ర లేనట్టే. ఉంగరం పెట్టుకున్నవాడు ప్రతిగా ఏమీ పోగొట్టుకోకపోతే అందులో అద్భుతమూ లేనట్టే. జమ ఉండి ఖర్చు లేని పద్దును మా వృత్తిలో ఎవరూ నమ్మరు. మంచి అద్భుత కథ ఆ ఖర్చును దాచదు.

మనం చిన్నప్పుడు ఎదురుచూసి చదివిన బేతాళ కథల బలం కూడా ఇదే. వాటి మూలం కథాసరిత్సాగరంలోనే ఉంది. 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలైన చందమామ, ఆ పాత కథలు అయిపోయాక అదే చట్రంలో కొత్తవి రాయించుకుంటూ దశాబ్దాలు నడిపింది. విక్రమార్కుడు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. తెలివికి కూడా వెల ఉంది. నాలుగు పేజీల్లో ఆ వెల తేల్చడం చిన్న కథకే చేతనవుతుంది.

గుణాఢ్యుడి కథ నన్ను వదలకపోవడానికి ఇంకో కారణం ఉంది. బృహత్కథ పైశాచీ మూలం ఈనాడు లేదు. సోమదేవుడూ, క్షేమేంద్రుడూ దాన్ని సంస్కృతంలో చెప్పారు. తమిళంలో కొంగువేళిర్ పెరుంగదై రాశాడు. కన్నడదేశపు గంగరాజు దుర్వినీతుడు సంస్కృతంలోకి మార్చాడని శాసనం చెబుతోంది. కథ ఇన్ని ఇళ్ళలో బతికింది, కాని పుట్టిన భాష పోయింది. ఇది చూపించి, కథ బతికితే చాలదా అని మనల్ని ఓదార్చేవాళ్ళున్నారు. చాలదనే ఈ కథ అంటోంది. దక్కినది లక్ష మాత్రమేనని లెక్క చెబుతోంది.

మా షోలాపూర్‌లో పద్మశాలి పెద్దలు భావనారుషి కథ చెబుతారు. తామరతూళ్ళ నూలుతో దేవతలకు బట్టలు నేసినవాడాయన. తెలంగాణ నుంచి మగ్గాలు నమ్ముకుని వచ్చినవాళ్ళు ఏ కరువులో, ఎన్ని కుటుంబాలుగా వచ్చారో ఆ కథలో ఉండదు. తాము నేయకపోతే దేవతలకైనా మానం దక్కదన్న ధీమా మాత్రం ఉంటుంది. పరాయి ఊళ్ళో మొదటి రోజు మగ్గం ముందు కూర్చున్నవాడికి ఆ ధీమా ఎంత అవసరమో మనకు తెలుసు. ఇప్పుడు ఆ ఇళ్ళలో పిల్లలకు ఆ కథ మరాఠీలోనే ఎక్కువగా అందుతోంది.

ఇతరులను అనడం దేనికి? మొన్న వేసవిలో మా మనవరాలికి గుణాఢ్యుడి కథ తెలుగులోనే మొదలుపెట్టాను. ఆ పిల్ల ముఖం చూసి, కొండ మీది మంట దగ్గరికి వచ్చేసరికి మరాఠీలోకి మారిపోయాను. అంతా విని, “కాలిపోయిన వాటిలో ఏ కథలున్నాయి తాతా?” అని అడిగింది. తెలియదన్నాను. ఆ రాత్రి లెక్క వేసుకుంటే మా నాయనమ్మ చెప్పిన కథల్లో నాకు నాలుగే గుర్తున్నాయి. మా అబ్బాయిని అడిగితే ఒకటి చెప్పాడు, అదీ సగమే.

ఈ పత్రిక చదివేవారి ఇళ్ళలో, బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో అటువంటి కథలు చెప్పే ముసలివారు ఒకరైనా ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ఊరి పేర్లతో, ఆ శాపాలతో, ఆ మాటతీరుతోనే రాసుకోండి. ఇది పురాణమా చరిత్రా అని విడదీయబోకండి. గుణాఢ్యుడికి సిరా దొరకలేదు. మనకా ఇబ్బంది లేదు.