బాటలు తీసిన మడి

వానాకాలంలో మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఏ దారిన వెళ్లినా రెండు పక్కలా వరే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఎడమ కాల్వ కింద ఎన్నో మెట్ట చేలు మాగాణి అయ్యాయి. సన్నవడ్లు, రైస్ మిల్లులు మిర్యాలగూడకు పేరు తెచ్చాయి.

ఈ మాగాణుల్లో నాకు బాగా నచ్చేది పంట లేని జాగా. నాటు వేసేటప్పుడు ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమంటారు, తూర్పు పడమరలుగా. అంత నేల ఎందుకు వదలడమని హుజూర్‌నగర్ దగ్గర ఒక రైతును అడిగాను. "బాట తీయకుంటె గాలాడదు సారూ. సుడిదోమ దుబ్బు మొదట్లనే కూసుంటది. పైకి పచ్చగనే కనిపిస్తది, మనకు తెలిసేసరికి మడి సుడులు సుడులుగ ఎండుతది" అన్నాడు.

నీళ్ల సంగతీ అంతే. కాల్వ నిండుగా పారుతున్నా, పిలకల దశ చివర్లో ఒకసారి మడిని ఆరబెట్టాలి. అప్పుడే వేళ్లకు గాలి తగులుతుంది, పనికిరాని పిలకలు ఆగిపోతాయి. యూరియా మోతాదు మించితే చేను ఏపుగా, నల్లపచ్చగా కళ్లకు ఇంపుగానే ఉంటుంది. దోమా అగ్గితెగులూ ముందు వాలేది దాని మీదే, గాలికి పడిపోయేదీ అదే.

ఇంత తెలిసిన మనం పిల్లల పెంపకంలో మాత్రం బాటలు తీయడం లేదు. సూర్యాపేటలో, కోదాడలో పొద్దు పొడవక ముందే స్కూలు బస్సులు తిరుగుతాయి. బడి, ట్యూషన్, స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. మార్కుల కాగితం పచ్చగానే ఉంటుంది. మొదట్లో ఏం వాలిందో ఎవరికి తెలుసు?

రాతపనిలో ఉన్నవాడిగా నాకు అనుభవమైనదీ ఇదే. కుర్చీకి అతుక్కుపోయిన పూట కంటే, కలం పక్కన పెట్టి ఊరవతల నడిచిన పూటే వాక్యం కుదురుతుంది.

అలాగని పిల్లల్ని గాలికి వదిలేయమని కాదు. పొట్ట దశలో తడి తప్పితే మిగిలేది తాలే. అసలు కాలిబాట గాలి కోసమే కాదు, రైతు కోసం కూడా. అందులో దిగి నడుస్తూ, దుబ్బులు విప్పి మొదళ్లు చూసుకుంటాడు. బాట లేని మడిలోకి దిగడం కష్టం, గట్టు మీది నుంచి చూసి మురిసిపోవడమే మిగులుతుంది. మనలో చాలామంది తల్లిదండ్రులం ఇప్పుడు గట్టు మీదే ఉన్నాం.

ఈ వారం మీ పిల్లల టైంటేబుల్లో ఒక గంట కొట్టేయండి. దాన్ని మరో క్లాసుతో నింపకండి. ఆ గంట వాళ్ల పక్కన కూర్చోండి. మార్కుల ఊసెత్తకుండా, వాళ్లు చెప్పింది వినండి.