కొట్టు మూసిన నలభై రోజులు

పొగతాగడం గురించి మాట్లాడితే మనం ఊపిరితిత్తులతో మొదలుపెట్టి నికోటిన్‌తో ముగిస్తాం. 2020 వేసవి చూశాక మాత్రం కిళ్ళీ కొట్టుతో మొదలుపెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. మన దగ్గర చాలామంది సిగరెట్లు పెట్టెగా కొనరు, ఒక్కొక్కటిగా కొంటారు. కొట్టుకు వేలాడే లైటరుతో అక్కడే వెలిగించుకుంటారు. పక్కనే టీ, పక్కనే స్నేహితుడు. సగం కాల్చి వాడి చేతికిస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లను అడిగితే, గాలికి చుట్ట ఆరిపోకుండా అలా మొదలైందంటారు. ఏ అలవాటైనా తానున్న చోటును బట్టే రూపు కడుతుంది.

ఆ ఏడాది మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైంది, ఆ చోటు మూతపడింది. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో మద్యంతోపాటు గుట్కా, పొగాకు అమ్మకాలను నిషేధించారు, బహిరంగంగా ఉమ్మడాన్ని కూడా. ఆరడుగుల దూరం పాటించాలి, కొట్టు దగ్గర అయిదుగురికి మించి ఉండకూడదు అన్న షరతులతో మే 4 నుంచి మళ్లీ అమ్ముకోనిచ్చారు. మధ్యలో గడిచినవి నలభై రోజులు.

మా వీధిలో ఆ రోజుల్లో సిగరెట్ బ్లాకులో రెండింతలు, మూడింతలు పలికింది. కిరాణా కొట్టు వెనక తలుపు కొట్టి అడిగేవాళ్లు. దొరకనివాళ్లు సిగరెట్ నుంచి బీడీకి దిగారు. ఒకే బీడీని నలుగురు పీల్చే అలవాటు మాత్రం భయంతో చాలాచోట్ల ఆగింది. ఎంగిలి అన్న మాటకు మనవాళ్లు మళ్లీ విలువిచ్చిన కాలం అది.

మా బావగారు ముందుచూపుతో నిల్వ చేసుకున్నారు. అంతకుముందు ఆయన పొగంతా వీధిలోనే. ఇప్పుడది బాల్కనీకి, అక్కణ్నుంచి హాల్లోకి వచ్చింది. అక్క ఫోన్‌లో ఒక మాటంది: “కొట్టు దగ్గర కాల్చి వచ్చినన్నాళ్లూ ఎన్ని కాలుస్తున్నారో నాకు తెలీలేదురా. ఇప్పుడు పీకలు నేనే ఊడుస్తున్నాను కదా, లెక్క తెలుస్తోంది.” ఇంట్లో మనవడున్నాడు. బడి లేదు, బయటికి పంపడానికి లేదు. ఆ పొగలోనే వాడి ఆన్‌లైన్ పాఠాలు. కేంద్ర ప్రభుత్వం 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని ఏ చట్టం చూస్తుంది? ఆ నెలల్లో పొగ భారం ఎక్కువగా మోసింది ఇంటి ఆడవాళ్లు, పిల్లలే.

పైగా ఏప్రిల్‌లో ఇంకో ప్రచారం. కరోనా రోగుల్లో పొగతాగేవాళ్లు తక్కువగా కనిపిస్తున్నారని, నికోటిన్ కాపాడుతుందేమోనని ఫ్రాన్స్ పరిశోధకులు ఒక ఊహను ముందుకు తెచ్చారు. వాట్సాప్‌కు చేరేసరికి అది మందయిపోయింది. ఈ ఆశ పాతదే. 1665లో లండన్‌ను ప్లేగు కమ్మినప్పుడు డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ అంతటి చదువరి కూడా ఎర్ర శిలువ గుర్తులున్న ఇళ్లను చూసి బెదిరి, వాసన చూడటానికీ నమలడానికీ పొగాకు కొన్నాడు. 2020 మే 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ విషయం తేటతెల్లం చేసింది: పొగతాగేవాళ్లకు కొవిడ్ సోకితే జబ్బు తీవ్రమయ్యే అవకాశమే ఎక్కువ.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడి సంగతి వేరు. ఆఫీసు మూసేశారు, నాలుగింటికి కిందికి దిగి టీ తాగే పని పోయింది, దానితో సిగరెట్టూ పోయింది. “గుర్తే రావట్లేదంకుల్” అన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే అందులో శాస్త్రం ఉంది. మానేసిన మొదటి మూడు రోజులూ ఒంటికి నరకం. చిరాకు, నిద్రలేమి, తలనొప్పి. మూడు నాలుగు వారాల్లో చాలామందికి అవి సద్దుమణుగుతాయి. అంటే మే 4న కొట్లు తెరిచేనాటికి, నిజంగా మానినవాళ్ల ఒళ్లు ఆ గండం దాటేసింది. అయినా ఎంతోమంది తిరిగి అక్కడికే వెళ్లారు. ఈ కుర్రాడు కూడా, ఆఫీసు తెరిచాక అదే టీ కొట్టు దగ్గర అదే స్నేహితులతో మళ్లీ మొదలెట్టాడు. పిలిచింది ఒళ్లు కాదు, చోటు.

ఇలా మానడం, మళ్లీ మొదలెట్టడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం పాటు, నలభై ఒక్క రోజులు, సిగరెట్ ముట్టరు. రోజుకు రెండు పెట్టెలు ఊదేవాళ్లు కూడా. భక్తి ఒక్కటే కాదు, చుట్టూ మనుషులు మారతారు, పొద్దు మారుతుంది, అందరూ “స్వామీ” అని పిలుస్తారు. కొట్టువాడు కూడా సిగరెట్ ఇవ్వడు. మాల తీశాక ఆ కట్టుబాటంతా ఒక్కసారిగా తొలగిపోతుంది. కొండ దిగి వస్తూనే దారిలో వెలిగించినవాళ్లను చూశాను.

నిషేధం ఒక్కటే చాలదని దక్షిణాఫ్రికా చూపించింది. అక్కడ 2020 మార్చి చివరి నుంచి ఆగస్టు 17 దాకా పొగాకు అమ్మకాలే నిషేధం. జనం దొంగచాటుగా విపరీతమైన ధరకు కొన్నారు. మన దగ్గరేమో ఆ నలభై రోజుల్లో నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆకు రాక, తంబాకు రాక చేతికి పనే లేకుండా పోయింది. పొగాకు తగ్గాలని కోరుకునేవాళ్లం వాళ్ల కూటి గురించి కూడా మాట్లాడాలి.

2016-17 సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్లు. వాళ్లలో ఎంతోమంది ఆ వేసవిలో తమకు తెలియకుండానే అతి కష్టమైన భాగం దాటేశారు. కొట్లు తెరిచే ముందురోజు ఊరూరా ఆశా కార్యకర్తతో ఒక్క మాట చెప్పించి ఉంటే ఎందరో నిలబడేవాళ్లు. ఆ పని చేయలేదు. అది పెద్ద నష్టమని నా నిశ్చితాభిప్రాయం.

ఇప్పటికైనా మీ ఇంట్లో ఎవరైనా జ్వరం వల్లో, ఆసుపత్రి వల్లో, మాల వల్లో నాలుగు వారాలు మానితే ఆ అవకాశం పోనివ్వకండి. ఇంకో నెల ఆ కొట్టు దారిన వెళ్లకుండా చూడండి. టీ ఇంట్లోనే పెట్టివ్వండి. సిగరెట్ పెట్టె మీద 2018 నుంచి అచ్చవుతున్న 1800-11-2356కు పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. ఆ కాల్‌కు డబ్బు పడదు.