సెటిల్ అయ్యేదెవరు, కుదిరేదెవరికి?

ఇవాళ తెలుగు ఇళ్ళల్లో 'సెటిల్' అనే మాట వినపడకుండా ఒక్క రోజు గడవదు. అబ్బాయి అమెరికాలో సెటిల్ అయ్యాడు. అమ్మాయిని సెటిల్ చేసేస్తే మా బాధ్యత తీరిపోతుంది. పొలం తగాదా పెద్దమనుషుల్లో సెటిల్ అయింది. ఫలానా ఆయన భూముల సెటిల్మెంట్లు చేస్తుంటాడు, జాగ్రత్త. హైదరాబాదులో కోస్తా వాళ్ళు సెటిలర్లు. ఏజెన్సీలో మైదానం నుంచి ఎక్కి వచ్చిన గిరిజనేతరులు సెటిలర్లు. ఈ వాక్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వ్యాకరణంలోనే ఒక తేడా కనిపిస్తుంది. మగవాడు సెటిల్ 'అవుతాడు'. ఆడపిల్లని సెటిల్ 'చేస్తారు'. డాక్టరేటు పూర్తి చేసి, పాఠాలు చెప్పుకుంటూ, ఇంటద్దె తానే కట్టుకునే ముప్ఫయ్యేళ్ళ స్త్రీని "ఇంకా సెటిల్ కాలేదా" అని అడగడం ఎవరికీ వింతగా తోచదంటే, ఆ క్రియకి కర్త మరెవరో ఉండాలని మనం అంగీకరించినట్టే.

ఈ ఇంగ్లీషు క్రియ తూర్పు కనుమలు ఎలా ఎక్కింది, ఎక్కాక అరకు చుట్టుపట్ల ఎవరిని కూర్చోబెట్టింది, ఎవరిని లేపేసింది, ఆ సంగతిని మన సాహిత్యం ఎంతవరకు చదవగలిగింది అన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ముందు మాట పుట్టుక. ప్రాచీన ఆంగ్లంలో 'సెట్ల్' అంటే ఆసనం, పీట. దాన్నుంచి వచ్చిన 'సెట్లన్' అంటే కూర్చోబెట్టడం. తగాదా తీర్చుకోవడం అనే అర్థానికి మాత్రం వేరే తల్లి ఉందని నిఘంటుకారులు చెబుతారు. సయోధ్య అనే అర్థం ఉన్న మరో పాతమాట నుంచి వచ్చిన 'రాజీపరచు' అనే క్రియ ఉచ్చారణలో దీనికి దగ్గరై, మధ్యయుగంలో ఇందులో కలిసిపోయింది. కూర్చోబెట్టడం ఒకటి, రాజీ కుదర్చడం ఒకటి, రెండూ ఒకే క్రియ అయ్యాయి. ఒకరిని ఒకచోట కూర్చోబెట్టి ఆ తర్వాత దాన్ని ఇరుపక్షాల రాజీ అని పిలిచే వీలు ఈ కలయికలోనే ఉంది. తర్వాతి శతాబ్దాల్లో పరాయి నేల మీద కాపురం పెట్టడానికి, పెళ్ళికూతురి పేరిట ఆస్తి రాసి దాన్ని ధర్మకర్తల చేతిలో ఉంచడానికి కూడా ఇంగ్లీషువాళ్ళు ఇదే మాట వాడారు.

ఇందులో మనకి పరాయిదేమీ లేదు. ఆ ఆసనానికీ, మన సదస్సుకీ సదనానికీ మూలం ఒకే ఇండో యూరోపియన్ ధాతువు. అదే 'సద్' ధాతువు నుంచి మన పురాణాలు మరో పేరు కూడా పుట్టించాయి. వేనుడి తొడని ఋషులు మథిస్తే నల్లని పొట్టి మనిషి పుట్టాడట. నేనేం చెయ్యాలి అని అడిగితే 'నిషీద', కూర్చో, అన్నారట. అందుకని నిషాదుడయ్యాడట. అడవి మనిషికి నాగరికత ఇచ్చిన మొదటి ఆజ్ఞ, కూర్చో! ఆదికావ్యానికి కారణమైన శాపంలో ఆ నిషాదుడికి ఎన్నటికీ దక్కకూడదని కోరింది ప్రతిష్ఠ. అంటే నిలకడ, నిలిచే చోటు. కూర్చోమనేదీ వాణ్ణే, నిలకడ లేకుండా పొమ్మనేదీ వాణ్ణే.

తెలుగులో దీనికి దగ్గర మాట 'స్థిరపడు' అనుకుంటాం. నాకు మాత్రం 'కుదురు' ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కుదురు. చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచే పాదూ కుదురే. బేరం కుదురుతుంది, ఒప్పందం కుదురుతుంది, సంబంధం కుదురుతుంది, పాలేరు పనికి కుదురుతాడు. ఇంగ్లీషులో రెండు మాటలు కలిస్తే గాని రాని ఆసనం, రాజీ అనే రెండర్థాలూ తెలుగులో ఒక్క మాటలోనే ఉన్నాయి. "కుదురుగా కూర్చో" అని ఆడపిల్లకి చెప్పడం, "సంబంధం కుదిరింది" అని పదేళ్ళ తర్వాత ఆమెకే చెప్పడం ఒకే పాఠంలోని రెండు వాక్యాలు.

ఇక కొండల సంగతి. 1793లో బెంగాల్లో మొదలైన శాశ్వత శిస్తు నిర్ణయాన్ని మద్రాసు ప్రభుత్వం 1802 రెగ్యులేషన్‌తో మన ఉత్తర సర్కారులకి తెచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు 'పర్మనెంట్ సెటిల్మెంట్'. పారసీ నుంచి వచ్చిన పరిపాలనా భాషలో సెటిల్మెంటుకి మాట 'బందోబస్తు': కట్టడం, బిగించడం. శిస్తు అర్థం పోయి ఇవాళ తెలుగులో పోలీసు బందోబస్తు ఒక్కటే మిగిలింది. కొండల్లో ఈ రెండర్థాలూ ఎప్పుడూ అంత దూరంగా లేవు. జమీందారీ బందోబస్తు కొండలకి అతకక, 1839లో చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్ని ఏజెంటుగా పెట్టారు. 'ఏజెన్సీ' అన్న పేరు అలా వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో 'ఫారెస్ట్ సెటిల్మెంట్ ఆఫీసరు' వచ్చాడు. ఏ అడవి ప్రభుత్వానిది, ఎవరికి ఏ హక్కుందో విచారించి తేల్చడం అతని పని. గడువులోగా వచ్చి చెప్పుకోని వాళ్ళ హక్కులు రద్దయిపోతాయి. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీ తన పేరిట తాను ఆస్తి ఉంచుకోవచ్చని చట్టం వచ్చింది కూడా ఆ 1882లోనే. అక్కడ ఒక స్త్రీకి ఆస్తి తెరుచుకున్న ఏడాదే ఇక్కడ మరో స్త్రీకి అడవి మూసుకోవడం మొదలయింది.

ఎందుకంటే పోడు సగానికి పైగా ఆడవాళ్ళ పని. కొండవాలులో చెట్టూ పొదా కొట్టి, కాల్చి, రెండు మూడేళ్ళు సాగుచేసి, ఆ నేలని అడవికి వదిలి మరోచోటికి పోయి, మళ్ళీ ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చే సేద్యం అది. గొడ్డలి పని మగవాళ్ళది. విత్తడం, కలుపు తీయడం, కోయడం, సామలూ చోళ్ళూ కందులూ ఇంటికి చేర్చి దాచడం, గింజని విత్తనంగా ఎంచడం, సంతకి మోయడం ఎక్కువగా స్త్రీలది. అధికారుల భాషలో ఇది 'మార్చిమార్చి చేసే సాగు', అంటే కుదురులేని సాగు. వదిలిన నేల బీడు కాదు, విశ్రాంతిలో ఉన్న పొలం అని ఆ భాషకి పట్టలేదు. 1969లో ముఠాల రద్దు, 1970లో షెడ్యూల్డు ప్రాంతాల రైత్వారీ సెటిల్మెంట్ రెగ్యులేషన్ వచ్చాయి. అందులోనూ అదే మాట! ముఠాదారు పోయి పట్టాదారు వచ్చాడు. ఆ ముఠాదారూ ఈ పట్టాదారూ వ్యాకరణంలోనే మగవాళ్ళు.

ఈ చరిత్రకి నవలారూపం వెతికితే మనకి ముందు దొరికేది ఒడియాలో. గోపీనాథ్ మహంతి 'పరజా' 1945లో వచ్చింది. కథా స్థలం కోరాపుట్. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలో భాగం. అరకు కొండలకి కొనసాగింపే. పరజా, మన వైపు పోర్జ, అంటే 'ప్రజ' అనే. శుక్రు జాని కూతురు జిలి మీద ఫారెస్టు గార్డు కన్నేస్తాడు. ఆ కుటుంబం కాదంటుంది. అడవి నరికిన నేరం కింద జుల్మానా పడుతుంది. జుల్మానా కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు. అప్పుకి బదులు తండ్రి, కొడుకు 'గోతి'గా కుదురుతారు. గోతి అంటే ఒళ్ళు తాకట్టు పెట్టిన పాలేరు. తెలుగు చెవికి ఆ మాట ఇంకా లోతుగా వినిపిస్తుంది. చివరికి భూమి పోతుంది, జిలి సాహుకారు ఇంటికి చేరుతుంది, గొడ్డలి లేస్తుంది.

ఈ నవలని అప్పు కథగా, భూమి కథగా చాలామంది చదివారు. దాన్ని ఒక 'కాదు' కథగా చదవాలని నాకనిపిస్తుంది. జుల్మానా వెనక ఉన్నది చెట్టు కాదు, ఒప్పుకోని ఆడపిల్ల. అడవికి 1882లో గీసిన సరిహద్దు గీత జిలి ఒంటిమీదుగా పోయింది. మహంతికి ఈ సంగతి తెలుసు. తెలియకపోతే కథని అక్కడ మొదలుపెట్టేవాడు కాదు. కానీ ముగింపు తండ్రీ కొడుకులది. జిలి పోగొట్టుకున్నది ఇంటి పరువు లెక్కలో చేరిపోతుంది, భూమితో పాటు మరో నష్టంగా. రోడ్డు పనిలో కూలిగా ఆమె తన కాళ్ళ మీద నిలబడ్డ రోజుల్ని నవల చెప్పింది గానీ, ఆమె పతనానికి దారిగానే చెప్పింది.

కొండ దిగి శ్రీకాకుళం పల్లెకి వస్తే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఉంది. 1966లో అచ్చయిన ఆ కథ మొత్తం ఒక సెటిల్మెంటే, రెండో అర్థంలో. పాత బాకీ మీద పంచాయితీ కూర్చుంటుంది. ధర్మం పేరిట, పెద్దరికం పేరిట అప్పల్రాముణ్ణి ఒప్పిస్తారు. కొడుకు సీతారాముడు తన బిడ్డ బానిసగా బతకకూడదని ఆ పసివాణ్ణి నరికేస్తాడు. రాజీ అనేది బలవంతానికి మర్యాద పేరు అని తెలుగులో ఇంత కచ్చితంగా చెప్పిన కథ మరొకటి లేదు. ఆ బిడ్డని కన్న తల్లి కోపమేమిటి, ఆమెని ఎవరడిగారు అన్న ప్రశ్న మాత్రం కథ మీద జరిగిన చర్చలో వెనకబడి పోయింది. రెండు రచనల్లోనూ సెటిల్మెంటుని ధిక్కరించేది మగవాడి గొడ్డలే. స్త్రీ ధిక్కారం మొదట్లో ఉంటుంది లేదా కథ బయట ఉంటుంది.

కథ బయటి సంగతీ చెప్పుకోవాలి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కోందు స్త్రీలు పదకొండుమంది తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలని ఎత్తిచూపుతూ నిందితులని విడిచిపెట్టింది. స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. కేసు ముగిసింది, పరిహారం చెప్పారు: సెటిల్ అయినట్టే. పదహారేళ్ళు కొండ దిగి కోర్టుకి వచ్చి మాట్లాడిన ఆడవాళ్ళ నోటి మాటకి ఈ క్రియలో ఎక్కడా చోటు లేదు.

2006 అటవీ హక్కుల చట్టం పేరు చూడండి. అందులో సెటిల్మెంట్ లేదు, 'గుర్తింపు' ఉంది. నూటపాతికేళ్ళ కింద ఒక అధికారి తేల్చిన హక్కులని ఇప్పుడు 'గుర్తిస్తాం' అనడం క్రియ మార్చుకోవడమే. ఆ చట్టం ప్రకారం పట్టా వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేరిటా ఉండాలి. ఒంటరిగా ఇల్లు నడిపే స్త్రీ అయితే ఆమె పేరనే ఉండాలి. కొండల కాగితాల చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

అయితే పేరు ఎక్కడం ఒక్కటే చాలదని ఏజెన్సీ మనకి ముందే నేర్పింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని బిగించారు. దాన్ని తప్పించుకోవడానికి గిరిజన స్త్రీని పెళ్ళాడో ఉంచుకునో, ఆమె పేర భూమి పెట్టి తాను అనుభవించే సెటిలర్ సంగతి అక్కడ అందరికీ తెలుసు. కాగితం మీద ఆమె యజమానురాలు. ఇంట్లో ఆమె సెటిలర్ కూర్చున్న పీట. ఉమ్మడి పట్టాలో రెండో పేరు కూడా ఇంకొకరి కింద పీట కాకుండా ఉండాలంటే, కాఫీ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, గ్రామసభలో ఎవరి మాట రాసుకుంటున్నారు అని అడుగుతూనే ఉండాలి.

సాహిత్యంలో మన పని కూడా ఇక్కడే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూబి భాష మీద చేసిన పుస్తకం 1969లో వచ్చింది. ఆ కొండల్లో కూబి, కువి, గదబ, ఆదివాసీ ఒడియా ఇవాళ కూడా మాట్లాడుతున్నారు. వదిలిన పోడుని, తిరిగి వెళ్ళే పోడుని ఆ భాషల స్త్రీలు ఏ క్రియలతో చెబుతారో వాళ్ళని అడిగి రాసుకోవాలి. రాసేది ఆ భాషల అమ్మాయిలే అయితే ఇంకా మంచిది. అనువాదకులకి ఒక మనవి: 'సెటిల్' ఎదురైనప్పుడల్లా 'స్థిరపడు' అని రాసి ముందుకి పోకండి. ఎవరు ఎవరిని కూర్చోబెట్టారో చూసి రాయండి. తెలుగు స్త్రీకి మరో కుదురు కూడా తెలుసు. నీళ్ళకుండ కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు. అది ఆమె తనే చుట్టుకున్నది. అది నెత్తిన ఉండగా ఆమె నడుస్తుంది. కుదురు అంటే కదలకపోవడమే కానక్కర్లేదని ఆ మాటకి ఎప్పటినుంచో తెలుసు.