సాబూ బరువెంత? బొమ్మల కథలకు ఒక సైన్సు పరీక్ష

పిల్లల చేతిలో కామిక్స్ పుస్తకం కనిపించగానే మన ఇళ్లలో రెండు రకాల తీర్పులు వినిపిస్తాయి. "ఇవి చదివితే చదువు చెడుతుంది" అన్నది ఒకటి. "ఏదో ఒకటి చదువుతున్నారు కదా, పోనీలే" అన్నది మరొకటి. ఈ రెండు తీర్పులు ఇచ్చేవాళ్లూ సాధారణంగా ఆ పుస్తకాన్ని తెరిచి చూసినవాళ్లు కారు. సినిమాకు సమీక్ష ఉంది, నవలకు విమర్శ ఉంది. పిల్లలు ఒకే పుస్తకాన్ని పదిసార్లు చదివే బొమ్మల కథకు మాత్రం విమర్శ కరువు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలోనే రాసుకున్నాం. ఆ దృక్పథానికి పునాది పడే వయసులో పిల్లలు చూసే బొమ్మలను పరీక్షించకపోతే ఎలా?

సూరత్‌లోని లింబాయత్ వంటి చోట ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద ఆధారపడి స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసుల్లో గుజరాతీ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. మూడు లిపుల మధ్య పెరిగే పిల్లకు బొమ్మల కథ వినోదం మాత్రమే కాదు. లిపి తెలియని చోట కూడా అర్థాన్ని దాటించే వంతెన. వంతెన ఎంత గట్టిదో చూడటం పెద్దల పని.

విమర్శ ఎలా ఉండకూడదు?

కామిక్స్ మీద అత్యంత ప్రసిద్ధమైన దాడి చేసినవాడు ఒక వైద్యుడు. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ 1954లో 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అనే పుస్తకం ప్రచురించాడు. పిల్లల నేరాలకు కామిక్స్ ముఖ్య కారణమని అందులో వాదించాడు. అదే ఏడాది అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే 'కామిక్స్ కోడ్' అనే కట్టుబాటు విధించుకున్నారు. ఎన్నో పత్రికలు మూతపడ్డాయి.

వెర్థామ్ చెడ్డవాడు కాడు. న్యూయార్క్ హార్లెమ్‌లో పేద నల్లజాతి వారి కోసం చికిత్సాలయం నడిపిన మనిషి. అయితే మంచి ఉద్దేశం మంచి పరిశోధనకు హామీ కాదు. ఆయన కాగితాలు 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. వాటిని పరిశీలించిన కరోల్ టిల్లీ అనే ఆచార్యురాలు 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. వెర్థామ్ పిల్లల మాటలను మార్చాడనీ, వాళ్ల జీవితాల్లోని ఇతర కారణాలను వదిలేశాడనీ ఆమె చూపించారు. పోల్చి చూడటానికి నేరాలు చేయని పిల్లల జట్టు కూడా ఆ పుస్తకంలో లేదు. కామిక్స్ చదివే పిల్లలు కోట్లలో ఉన్నప్పుడు నేరం చేసిన పిల్లలూ వాటిని చదివి ఉండటంలో వింతేముంది?

కనుక మనం చేసే విమర్శ ఊహల మీద కాక పుస్తకంలో ఉన్నదాని మీద నిలవాలి.

సాబూ ఎముకలు

హిందీ చదవగలిగిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన కామిక్స్ 'చాచా చౌదరి'. చిత్రకారుడు ప్రాణ్ (1938-2014) ఎర్రటి తలపాగా కట్టిన ఈ ముసలాయనను 1970ల తొలినాళ్ల నుంచీ లక్షలాది ఇళ్లకు చేర్చాడు. ఆయన వెంట ఉండే సాబూ గురుగ్రహం నుంచి వచ్చినవాడు. ఎత్తు దాదాపు 15 అడుగులు. ఒక్క పూటకు 108 చపాతీలు తింటాడు. అతనికి కోపం వస్తే ఎక్కడో ఒక అగ్నిపర్వతం బద్దలవుతుంది.

ఈ సాబూను సైన్సు త్రాసులో పెడదాం. లెక్క సులభం కావడానికి 5 అడుగుల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకుందాం. సాబూ అతనికి మూడు రెట్లు. ఎత్తుతోపాటు వెడల్పు, మందం కూడా మూడేసి రెట్లు పెరుగుతాయి. అంటే బరువు 3 × 3 × 3 = 27 రెట్లు. సాబూ 1,620 కిలోలు తూగుతాడు! బరువును మోసే కాలి ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం 3 × 3 = 9 రెట్లే పెరుగుతుంది. కనుక అతని ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా మన ఎముక మీద కంటే మూడు రెట్ల భారం పడుతుంది.

ఈ సంగతి మొదట స్పష్టంగా చెప్పినవాడు గెలీలియో. 1638లో వెలువడిన తన గ్రంథంలో ఆయన రెండు ఎముకల బొమ్మలు పక్కపక్కన వేశాడు. ఒకటి మామూలు ఎముక. మరొకటి సరిగ్గా మూడు రెట్ల పొడవున్నది. అంత పెద్ద జంతువులో మొదటిదానిలాగే పనిచేయాలంటే ఆ రెండో ఎముక ఎంత వికారంగా లావెక్కాలో ఆ బొమ్మ చూపిస్తుంది. 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ ఇదే విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యే వ్యాసంగా రాశాడు. ఆయన తర్వాత మన దేశానికి వచ్చి, భారతీయ పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. మనిషి తొడ ఎముక దాదాపు పది రెట్ల శరీర భారానికి విరుగుతుందని హాల్డేన్ లెక్క. ఈ లెక్కన సాబూ కుప్పకూలడు, నిలబడగలడు. కానీ మనకు పది రెట్లున్న భద్రత అతనికి మూడు రెట్లకు పడిపోయింది. మేడ మీంచి దూకి దొంగను పట్టుకునే సాహసం చేస్తే ముందు విరిగేవి సాబూ కాళ్లే.

మరి చపాతీలు? ఇక్కడ ప్రాణ్‌ను మెచ్చుకోవలసిందే. జంతువు బరువు పెరిగినంతగా దాని ఆహారావసరం పెరగదు. బరువు 27 రెట్లయితే శక్తి అవసరం దాదాపు 12 రెట్లే అవుతుంది. 1932లో మాక్స్ క్లైబర్ ప్రతిపాదించిన సూత్రం ఇది. కష్టం చేసే మనిషి పూటకు 9 చపాతీలు తింటాడనుకుంటే సాబూకు కావలసినవి 107. ప్రాణ్ రాసింది 108! కాకతాళీయమే కావచ్చు, కానీ తరగతి గదిలో ఇంతకంటే రుచికరమైన లెక్క దొరకదు.

గురుగ్రహం సంగతి మాత్రం చిక్కే. అక్కడ నిలబడటానికి గట్టి నేల లేదు. 1995 డిసెంబరు 7న గెలీలియో నౌక జారవిడిచిన పరికరం ఆ గ్రహ వాతావరణంలో దాదాపు గంటసేపు సమాచారం పంపి, వేడికి, ఒత్తిడికి మూగబోయింది. మేఘాల అంచున గురుత్వం భూమి మీద కంటే రెండున్నర రెట్లు. అలాంటి చోట పుట్టే ప్రాణి పొడుగ్గా కాదు, పొట్టిగా, బలిష్ఠంగా ఉండాలి. ఇక అగ్నిపర్వతాలంటారా, గురుగ్రహం మీద లేవు కానీ దాని ఉపగ్రహం అయో మీద ఉన్నాయి. 1979లో వాయేజర్-1 తీసిన ఛాయాచిత్రాల్లో అవి బయటపడ్డాయి.

ఏది తప్పు, ఏది తప్పు కాదు?

"కథను కథగా చదవక ఈ లెక్కలెందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. నిజమే. సాబూ ఎత్తు తప్పు కాదు, అది కల్పనకున్న స్వేచ్ఛ. బకాసురుడి బండెడు అన్నాన్ని మనం తూచామా? పిల్లలకు ఆ తేడా తెలుసు.

నా అభ్యంతరం మరో చోట ఉంది. "చాచా చౌదరి మెదడు కంప్యూటర్ కంటే వేగంగా పనిచేస్తుంది" అని ఆ కామిక్స్ పదేపదే చెబుతుంది. కానీ ఆ మెదడు ఎలా పనిచేసిందో గళ్లలో చూపించడం అరుదు. చాచాకు దొంగ ఎవరో తట్టుతుంది, సాబూ పిడికిలి పడుతుంది, కథ ముగుస్తుంది. ఆధారం ఏమిటి, ఏ అనుమానాన్ని ఎందుకు కొట్టివేశారు అన్న మెట్లు తరచుగా మాయమవుతాయి. తెలివి అంటే పుట్టుకతో వచ్చిన మహిమ అన్న భావం మిగులుతుంది. పదిహేనడుగుల మనిషి కంటే మెట్లు లేని ఆలోచన పెద్ద అసంభవం!

ఆయుధాలూ ముసుగులూ లేని ఒక మామూలు ముసలాయనను కథానాయకుణ్ణి చేయడం ప్రాణ్ సాధించిన గొప్ప విషయం. ఆ గొప్పతనమే ఈ కొరతను ఎత్తి చూపుతుంది. మామూలు మనిషి ఎలా ఆలోచిస్తాడో చూపించడానికి అంతకంటే మంచి పాత్ర ఏది?

మహానుభావుల చట్రం

అనంత్ పాయ్ 1967లో 'అమర చిత్రకథ' ప్రారంభించినప్పుడు ఆయన చేతిలో రసాయన సాంకేతిక విద్య ఉంది. పురాణాలతో మొదలైన ఆ మాల తర్వాత జగదీశ్ చంద్ర బోస్ వంటి శాస్త్రవేత్తల దాకా సాగింది. తెలుగుతో సహా అనేక భాషల్లో వెలువడి, తరాల పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి కలిగించింది. ఈ మేలును ఎవరూ కాదనలేరు.

కానీ 32 పేజీల చట్రానికి ఒక స్వభావం ఉంది. బాల్యం, అవమానం, పట్టుదల, కీర్తి. దేవుడి కథకు కుట్టిన చొక్కానే శాస్త్రవేత్తకూ తొడిగారు. మొదటి ప్రయోగం ఎందుకు విఫలమైంది, పరికరంలో ఏం మార్చారు, సాటి శాస్త్రవేత్తలు ఏమని ప్రశ్నించారు అన్నవాటికి గళ్లు మిగలవు. బోస్ 1895లో కలకత్తాలో అదృశ్య తరంగాలను గోడల గుండా పంపి గంట మోగించిన ఘట్టం బొమ్మకు ఎంత అనువైనది! గంట మోగడం ఒక్క గడి. తరంగాన్ని పట్టే పరికరం ఎలా కుదిరిందన్నది పది గళ్ల కథ. ఆ పది గళ్లే సైన్సు. వాటిని వదిలేస్తే మిగిలేది మహిమ.

ఇంకొక దోషం దీనికంటే తీవ్రమైనది. పాత సంచికల్లో అసురులు నల్లగా, నాయకులు తెల్లగా కనిపించడాన్ని నందినీ చంద్ర, కార్లిన్ మెక్‌లేన్ వంటి పరిశోధకులు చర్చకు పెట్టారు. చర్మం రంగు మెలనిన్ అనే పదార్థం పాళ్లను బట్టి వస్తుందని పాఠం ఎనిమిది వాక్యాల్లో చెబుతుంది. రంగును బట్టి గుణం ఉంటుందని బొమ్మ ఒక్క వాక్యం కూడా లేకుండా చెబుతుంది. నల్లని పిల్లవాడు తన చేతిని చూసుకుని ఏ పాఠాన్ని నమ్ముతాడు?

ఇదే సంస్థ 1980లో ప్రారంభించిన 'టింకిల్' పత్రికలో మార్జీ శాస్త్రి 'అను క్లబ్' మరో దారి చూపింది. అందులో పిల్లలు అడుగుతారు, చేసి చూస్తారు, తెలుసుకుంటారు. బొమ్మలో అద్భుతం తక్కువే కానీ ప్రశ్నకూ జవాబుకూ మధ్య దారి కనిపిస్తుంది.

మనకున్నది, మనకు లేనిది

తెలుగులో చిత్రకారులకు కొదవ లేదు. 1947లో మొదలైన 'చందమామ' బొమ్మలు దేశమంతా తిరిగాయి. అయితే అవి కథకు వేసిన బొమ్మలు. బొమ్మే కథగా నడిచే కామిక్స్ తెలుగులో తక్కువ. ఆ దారిలో ముందు నడిచినవాడు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడైన ఆయన 'డుంబు'ను సృష్టించాడు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా నడిపాడు. 2022లో మరణించాడు. డుంబు అల్లరి తెలుగింటి అల్లరే. ఆ వరసలో సైన్సును చేతబట్టుకుని దీర్ఘకాలం నిలబడిన బొమ్మల కథ మాత్రం మనకు దక్కలేదు.

దానికి వస్తువు లేకనా? లింబాయత్ వైపు చూడండి. నాడె మగ్గాల షెడ్డులో శబ్దం తరచుగా 90 డెసిబెల్స్ దాటి 100కు చేరువవుతుంది. 90 దగ్గర రోజుకు 8 గంటలు మించకూడదని ఫ్యాక్టరీల నిబంధన. ఆ పైన ప్రతి 5 డెసిబెల్స్‌కూ గడువు సగమవుతుంది. అంటే 95 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 2 గంటలే. 12 గంటల పాళీ చేసే కార్మికుడు హద్దుకు ఆరు రెట్లు వింటున్నాడు. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది హెచ్చు పౌనఃపున్యపు వినికిడి. అందుకే మాట వినిపిస్తుంది గానీ స, శ వంటి అక్షరాలు తెలియవు.

కాగితం మీద మగ్గం మోగదు. అయినా శబ్దాన్ని బొమ్మగా మార్చడంలో కామిక్స్‌ను మించిన కళ లేదు. భారత్‌లో శరద్ శర్మ నడిపించిన వరల్డ్ కామిక్స్ ఇండియా ఉద్యమం ఒక తేలిక పద్ధతి నేర్పింది. రెండు ఎ4 కాగితాలు అతికించి, నల్ల పెన్నుతో నాలుగు గళ్లలో కథ గీయాలి. జిరాక్స్ తీయించి టీ కొట్టు దగ్గర, బడి గోడ మీద అంటించాలి. చిత్రకారుడు కానక్కరలేదు.

మొదటి గడిలో సాంచాల షెడ్డు నిండా 'ఖట్ ఖట్' అక్షరాలు, వాటి కింద నలిగిపోతున్న చిన్న మనిషి. రెండో గడిలో ఇల్లు. "బాపూ, టీవీ గింత గట్టిగ పెడితివేంది?" అని బిడ్డ అడుగుతుంది. మూడో గడిలో చెవి లోపలి బొమ్మ, వంగిపోయిన రోమకణాలు. నాలుగో గడిలో చెవిబిరడాలు పెట్టుకున్న తండ్రి. పక్కన యజమానికి బిడ్డ వేసే ప్రశ్న. "వీటికి పైసలెవరు ఇయ్యాలె సేఠ్?"

ఈ నాలుగు గళ్లలో మహానుభావుడు లేడు, గురుగ్రహం మనిషీ లేడు. ప్రశ్న ఉంది, కారణం ఉంది, చేయదగిన పని ఉంది. సైన్సు కామిక్స్‌ను కొలవడానికి ఈ మూడూ చాలు. ఉపాధ్యాయులు ఈ కొలబద్దతో పిల్లల సంచుల్లోని పుస్తకాలను పిల్లలతోనే సమీక్షింపజేయాలి. ఆ తర్వాత కాగితం, పెన్ను వాళ్ల చేతికే ఇవ్వాలి. సాబూ బరువు లెక్కగట్టిన పిల్ల రేపు తన తండ్రి చెవికి ఎంత హాని జరుగుతోందో కూడా లెక్కగట్టగలదు.